ఐదోది నాలుక

“నాలికె లేదా నీకు? ఉప్పు సూస్కోవా?” అన్నాడు మహిపాల్, కంచం పక్కకు నెట్టి. పన్నెండేళ్లుగా వారానికి రెండుసార్లయినా అనే మాటే. రోజారాణి ఉప్పు గిన్నె తెచ్చి భర్త ముందు పెట్టింది. నాలుక ఉంది. వంటింట్లో దాన్ని వాడే హక్కే లేదు. కాపురానికి వచ్చిన రెండో రోజే అత్త పోసవ్వ చెప్పింది: “పొయ్యి మీది కూర నోట్లె ఏసుకోకు బిడ్డా, ఎంగిలైతది. మొగోళ్లు తిన్నంకనే మనం.” అప్పటినుంచి కూర రంగు చూసి, వాసన పట్టి, ఉడికే చప్పుడు విని, ఉప్పును వేళ్ల మధ్య అంచనా కట్టి వండుతోంది. నాలుగు ఇంద్రియాలతో వంట, ఐదోదాని పేరు చెప్పి తిట్లు. ఒళ్లు మండదా మరి?

మండినా ఆ పొద్దున తీరిక లేదు. బాన్సువాడలో తను పనిచేసే ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు ఆ రోజే పంచేంద్రియాల పాఠం. చూడ్డానికి తల్లిదండ్రులూ వస్తారు. “సామాన్లు మీరే తెండి మేడమ్, ఇంట్ల వంట జేసేటోళ్లే గద,” అని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు. దూది, గరుకు కాగితం, సీసాలో గులకరాళ్లు, వేయించిన జీలకర్ర, అన్నీ సంచిలో సర్దింది. రుచి కోసం చింతపండు, కాకరకాయ ముక్కలు, రెండు స్టీలు డబ్బాల్లో ఉప్పు, మెత్తగా పొడి కొట్టిన చక్కెర. మూతలు పెట్టేముందు ఏది ఏదో ఒక్క క్షణం సందేహం వచ్చింది. అత్త గడపలో కూర్చుని చూస్తోంది. చెయ్యి నోటిదాకా పోలేదు. కంటితోనే తేల్చుకుని చీటీలు అంటించింది.

తరగతిలో తాకడం, వినడం హాయిగా నడిచాయి. కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లలు జీలకర్ర వాసనకు “మా అమ్మ పప్పు” అని అరిచారు. తర్వాత యశస్వి అనే పాప, చక్కెర అని రాసిన డబ్బాలోంచి చెంచాడు నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

“టీచర్, గిది ఉప్పు.”

తల్లిదండ్రులు నవ్వారు. ప్రిన్సిపాల్ వీడియో తీస్తున్న ఫోను దించి, “ఏంది మేడమ్, ఉప్పుకు చక్కెరకు ఫరక్ తెల్వదా? ఇంట్ల గూడ గిట్లనే వండుతరా?” అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది.

రోజారాణి వంగి పాపకు నీళ్లు పట్టింది. యశస్వి పుక్కిలించి, “టీచర్, నువ్వు నాకి సూడలేదా?” అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఐదేళ్ల పిల్లకు తెలిసిన పని. బడికి వచ్చాకైనా చూడొచ్చు కదా, ఇక్కడ అత్త లేదు, గడప లేదు. ఆ ఆలోచనే రాలేదు. చెయ్యి అంతగా లొంగిపోయింది. ఆ సంగతి తెలిశాక ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

సాయంత్రం వంకాయ పులుసు ఉడుకుతుంటే గరిటెతో కొంచెం అరచేతిలో పోసుకుని, ఊది, నాకింది.

“ఏందే గది? ఎంగిలి జేస్తవా?” పోసవ్వ గడపలోంచి లేచింది.

“ఉప్పు తక్కువైంది అత్తా.” చిటికెడు వేసి, మళ్లీ అరచేతిలో పోసుకుని చూసింది.

మహిపాల్ కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. ఏమీ అనలేదు. అతను ఏమీ అనలేదంటే కుదిరిందనే లెక్క. మూడో ముద్ద కలుపుతుంటే తల్లి చెప్పేసింది: “ఎంగిలి పులుసు రా అది. నీకంటె ముందుగాల నీ పెండ్లమే తిన్నది.”

అతని చెయ్యి ఆగింది. “నిజమేనా?”

రోజారాణి తన కంచం తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.

“నిజమే. నాలికె లేదా అని ఎప్పుడూ అడుగుతవ్ గద. ఉన్నది,” అంటూ పులుసు గిన్నె తన వైపు జరుపుకుంది.