సగం గోనె కప్పుకున్న గంప

నేను ఒక గంపను. నెత్తిన ఊరేగే గంపను కాను, నేల మీద బోర్లా పడుకునే కోళ్ల గంపను. సందేళ నన్ను కమ్మితే కోళ్లు కమ్మగా నిద్రపోతాయి. నా ఉద్యోగం అంతే. ఒళ్లంతా కళ్లే గాని చూసింది చెప్పలేను. నోరు ఇంత పెద్దదే గాని అది ఎప్పుడూ నేలకేసి ఉంటుంది. ఈ మధ్య నన్ను నిలబెట్టారు. అందుకే నాలుగు మాటలు బయటపడుతున్నాయి.

నన్ను అల్లినవాడు మేదర గవరయ్య. సాలూరు పక్క కొండల్లోంచి వెదురు తెచ్చి, చీల్చి, బద్దలు నానబెట్టి రెండు పూటల్లో నన్ను లేపాడు. ఆయనకు ముగ్గురు అల్లుళ్లు. పేరుకే అల్లుళ్లు, ఒక్కడికీ అల్లడం రాదు. "ఈలకి అల్లిక రాదు గాని అలక మా బాగొచ్చు" అంటూ నా అంచు బిగించాడు. ఆ కోపమే నా గట్టిదనం.

సంతలో నన్ను కొన్నది ఇద్దరు తోడికోడళ్లు. పెద్దామె పైడమ్మ, చిన్నామె నూకాలు. అప్పటికి ఇంకా ఒకే పొయ్యి, ఒకే కుండ. కొంతదూరం ఒకరు, కొంతదూరం ఒకరు నన్ను మోసుకుంటూ ఇంటికి బయల్దేరారు. దారిలో వాన పట్టుకుంటే ఇద్దరూ నన్ను నెత్తిన కమ్ముకుని చింతచెట్టు మొదట్లో కూర్చున్నారు. కోళ్ల కంటే ముందు నా కింద తలదాచుకున్నది కోడళ్లే. ఆ పూట ఒకరి చెవిలో ఒకరు ఏం చెప్పుకుని నవ్వుకున్నారో ఇక్కడ చెప్పను. ఇప్పుడు వాళ్లిద్దరికీ అది గుర్తున్నట్టు లేదు.

నూకాలు అత్తవారింటికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఒక పెట్టను ఆమె సంకన పెట్టి పంపింది. బోడిమెడ జాతి. మెడ మీద ఈక మొలవదు, దూరం నుంచి చూస్తే ఎవరో సగం పీకి మనసు మార్చుకున్నట్టుంటుంది. ఊరంతా నవ్వింది. కానీ గుడ్డు పెడితే అదే పెట్టాలి, పిల్లల్ని సాకితే అదే సాకాలి. ఆ తర్వాత వాళ్లమ్మ పోయింది, అక్కడి ఇల్లూ పోయింది. పుట్టింటి నుంచి నూకాలుకు మిగిలింది ఆ బోడిమెడ సంతతి ఒక్కటే. ఎవరైనా ఆ కోళ్లను వెక్కిరిస్తే ఆమె ముఖం వాళ్లమ్మను అన్నట్టు ముడుచుకునేది.

వాళ్ల మొగుళ్లైన అన్నదమ్ములకు ఏదో పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చింది. వేరుపడ్డారు. గిన్నెలు పంచుకున్నారు, మంచం పంచుకున్నారు, పెరటికి నడుమ వెదురు తడక కట్టారు. తడకను అల్లినదీ గవరయ్యే, అంటే ఆ తడక వరుసకు నాకు తమ్ముడు. ఒకే కొండ వెదురు. నన్ను కలిపి ఉంచడానికి అల్లాడు, వాడిని విడదీయడానికి అల్లాడు. తప్పుల తడక అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. నన్ను మాత్రం పంచలేకపోయారు. కోళ్లకు వేరుపడ్డ సంగతి ఎవరూ చెప్పలేదు కనుక, అవి సందేళ పాత చోటికే వచ్చి నిలబడేవి. చివరికి ఆ చోట తడకకు ఒక సందు వదిలి, నన్ను ఆ సందులో పెట్టారు. సగం అటు, సగం ఇటు.

ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చింది. కోళ్లు మెడలు మెలితిప్పుకుని ఎక్కడివక్కడ పడిపోయాయి. తెగులు పోయేసరికి అటొక పెట్ట, ఇటొక పెట్ట మిగిలాయి. మళ్లీ పుంజుకోవడానికి ఇంట్లో పుంజైనా లేదు. వీధి పుంజు ఒకటి తిరిగేది, దానికి పంపకాలతో పని లేదు కనుక ఇద్దరి పెరళ్లలోనూ సమంగా కూసేది. కార్తీకం వచ్చింది, కొండ మీద నుంచి మంచు దిగడం మొదలైంది. ఒక తెల్లవారుజామున నూకాలు బోడిమెడ పెట్టను కుక్క పట్టుకుపోయింది. ఊక కుండలో అది పెట్టిన గుడ్లు మిగిలాయి.

అప్పుడే పైడమ్మ పెట్ట పొదుగుడుకొచ్చి లేవనని మొండికేసింది. చలికాలం పిల్లలు నిలవవని మావాళ్ల లెక్క. పొదుగుడు మాన్పడానికి పెట్ట ముక్కులో ఈక గుచ్చుతారు. పైడమ్మ ఈక పట్టుకుని కూర్చుంది. తడక అవతలి నుంచి మాట వచ్చింది. వేరుపడ్డాక నూకాలు మొదటి మాట. మావైపు అక్కను అప్పా అంటారు.

"అప్పా, దాని ముక్కు కుట్టీకు."

"ఏటే?"

"నా కాడ గుడ్లున్నాయి. మా బోడిమెడవి. నీ పెట్ట కింద ఏసుకో. పాలుకే. సగం నీయి, సగం నాయి."

"సలిలో పిల్లలు నిలుత్తాయేటే నూకాలూ. అందునా నీ బోడిమెడవి. ఒంటి మీద గుడ్డైనా లేని జాతి."

"ఇప్పుడు ఏసుకోకపోతే ఆ జాతే ఉండదప్పా."

పైడమ్మ చాలాసేపు ఈకను వేళ్ల మధ్య తిప్పింది. తర్వాత దాన్ని కొప్పులో దోపుకుని, "తే" అంది.

పాలు అంటే మావైపు పద్ధతి ఇది. పెట్ట ఒకరిది, గుడ్లు ఇంకొకరివి. పిల్లలు తల్లిని వదిలేదాకా తిండి, కాపు పెట్ట ఉన్న ఆమెవి. తల్లిని వదిలాకే పంపకం. అంతవరకు ఎవరి పిల్ల ఏదో ఎవరికీ తెలియకూడదు. తెలియకపోతేనే అన్నిటినీ చూస్తారు. ఈ పద్ధతి పెట్టినవాళ్లకు మనుషులు బాగా తెలుసు.

గుడ్లు పగిలాయి. ఎర్రటి బోడిమెడలతో పిల్లలు నా కింద కిచకిచమన్నాయి. నూకాలు నా కళ్లలోంచి లోపలికి చూస్తూ కూర్చునేది. గంపెడాశ అనే మాట వినే ఉంటారు. ఆ ఆశ బరువెంతో నాకు తెలుసు. అది నా మీద పెట్టే రాయి కంటే బరువు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కాని పిల్లలు తల్లిని వదిలే రోజుకు పెద్దామె మంచివాటిని ఏరుకుంటుందేమోనని నూకాలుకు అనుమానం. "ఇప్పుడే గురుతులెట్టుకుందాం అప్పా" అంది. పైడమ్మ పిల్లలకు రెక్కన పసుపు, నూకాలు పిల్లలకు బట్టలకు పెట్టే నీలిమందు. పైడమ్మ ముఖం చిన్నబోయింది గాని పసుపు తెచ్చింది. తల్లి పెట్ట మాత్రం రంగులు చూడలేదు. రెక్క ఎత్తింది, అన్నీ దూరాయి.

చలి ముదిరింది. చలికాలం నా మీద గోనె కప్పాలి. పైడమ్మ తన గోనెను నాలుగు మడతలు పెట్టి తనవైపు సగమే కప్పింది. నూకాలువైపు సగం మంచుకు తడిసేది. "పెట్ట నీది, కాపు నీది" అని నూకాలు. "రంగులేసినాక పంపకం అయిపోయినట్టే, నీ పిల్లలకి నువ్వు కప్పు" అని పైడమ్మ. పెట్టేమో పిల్లలన్నిటినీ తీసుకుని గోనె ఉన్న వైపు ముడుచుకునేది. పొద్దున్నే పైడమ్మ వంగి చూస్తే రెక్క కింద నీలాలు, అంచున పసుపులు.

"నా పెట్ట, నా గోనె, నా పిల్లలు బయటా?" అంది. అందరికీ చోటుంది, అంచున ఎవరో ఒకరు ఉండక తప్పదు. ఆ లెక్క కోడికి తెలుసు.

ఆ రోజు నూకాలు వరికోతకు వెళ్లింది. సందేళ కాకముందే పైడమ్మ పెట్టనూ పసుపు పిల్లలనూ చేటలో పెట్టుకుని తన వంటపాకలోకి, పొయ్యి పక్కకు తీసుకుపోయింది. నీలం పిల్లలను నా కింద ఉంచి, కొంచెం నూకలు చల్లి, నన్ను కమ్మి, పిల్లి రాకుండా మీద రాయి పెట్టింది. గోనె కూడా తీయలేదు. తన వంతు ధర్మం తాను చేసినట్టే అనుకుని ఉంటుంది.

నూకాలు చేలోంచి వణుకుతూ వచ్చింది. ఆ చలి ఆమె పట్టుదలను కాస్త కరిగించింది కాబోలు. లోపలికి వెళ్లి వాళ్లమ్మ పాత చీర తెచ్చింది. నాలుగు మడతలు వేసి తనవైపు సగం కప్పి, పైడమ్మ గోనె అంచు మీదకు లాగి సర్దింది. ఆ ఏడాదిలో నా ఒళ్లంతా కప్పిన సందేళ అదొక్కటే. లోపల మాత్రం తల్లి లేదు. పిల్లలు కిచకిచమంటున్నాయి. "సర్దుకుంటన్నాయి" అనుకుని ఆమె నవ్వింది. సర్దుకున్న కోళ్లను లేపకూడదని నన్ను ఎత్తి చూడలేదు. నా నోరు నేలకేసి ఉంది.

పొద్దున్న నన్ను ఎత్తింది. ఒక మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒకే పిల్లలాగా బిగుసుకుని ఉన్నాయి. నీలం మాత్రం చెదరలేదు.

"పెట్టేదప్పా?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"నా పెట్ట నా ఇంట్లో ఉంది" అంది పైడమ్మ పాకలోంచి. తర్వాత తడక దగ్గరికి వచ్చి చూసింది.

మధ్యాహ్నం ఆమె చెయ్యి తడక మీదుగా ఇటు వచ్చింది. అరచేతిలో ఒక పిల్ల.

"ఇందా. పెట్టపిల్లే. ఉంచుకో. మీయమ్మ జాతే కదే."

నూకాలు ఆ పిల్ల బోడిమెడను చాలాసేపు చూసింది.

"దానికి పసుపుంది. నాది నీలం" అంది.

చెయ్యి వెనక్కి వెళ్లింది.

ఆ సాయంత్రమే నూకాలు కొడవలితో నా అంచు తెగ్గోసి, నన్ను నిలువునా చీల్చి, చాప చేసి, ఆ సందులో నిలబెట్టింది. తడక కట్టడం ఒక్కరి వల్ల కాదు. ఇటునుంచి తీగ దూర్చితే అటునుంచి లాగి తిరిగి ఇవ్వాలి. పైడమ్మ అటు కూర్చుని తీగ అందుకుంది, బిగించి ఇచ్చింది. నూకాలు మళ్లీ దూర్చింది. కింది నుంచి పైదాకా కట్టారు. నన్ను మోసుకొచ్చిన నాటి తర్వాత నా మీద ఇద్దరి చేతులూ కలిసి పడ్డది అప్పుడే.

పైడమ్మ ఇనుప జాలీ గూడు కొంది. బోడిమెడలు ఎదిగాయి, గుడ్లు పెడుతున్నాయి. ఒక పెట్ట మాత్రం సందేళ గూటికి పోకుండా పాత చోటికి, అంటే నా దగ్గరికి వస్తుంది. కాళ్లతో గీరుతుంది. కొన్నాళ్లు నూకాలు నా కళ్లలోంచి గుప్పెడు నూకలు అటు జల్లేది. పేరులోనే నూకలున్న మనిషి, వాళ్లమ్మ కోడికి తడకలోంచి తిండి పెట్టాల్సి వచ్చింది.

అటు పడ్డ నూకలను పైడమ్మ చూసింది. మర్నాడు పేడా మట్టీ కలిపి తెచ్చి, తనవైపు నుంచి నన్ను కింది నుంచి పైదాకా మెత్తింది. "సలిగాలొత్తంది" అంది, ఎవరూ అడగకుండానే.

ఇప్పుడు నా కళ్లన్నీ మూసుకుపోయాయి. చూడలేను గాని వినగలను. సందేళ అయితే అటు కోడి గీరుతుంది. ఇటు నూకాలు వచ్చి నిలబడుతుంది, ఆమె గుప్పిట్లో నూకలు నలిగే చప్పుడు వినిపిస్తుంది.