కల్లంలో దగ్గు

అంగన్‌వాడీ టీచర్ సారక్క ఒక్క వారంలో మూడుసార్లు హీర్యా మనుమరాలిని వాకిట్లోనుంచే తిప్పి పంపిందని అతని కడుపు మండిపోతున్నది. తండాలో ఇరవై ఇద్దరు పిల్లలుంటే ఆమె కంటికి మూడేళ్ల ప్రియ ఒక్కతే ఆనిందా? ఏడో తరగతిలో బడి మానేసిన హీర్యా ఏం అడుగుతాడులే అనే కదా ఆమె ధైర్యం! గుడ్డు సర్కారుది, పాలు సర్కారువి, గది సర్కారుది. పిల్లను రానిస్తే సారక్క సొమ్మేం పోయింది?

మూడోసారి అతను ఊరుకోలేదు. గడప దగ్గరే నిలబడి అడిగాడు.

"దగ్గు తగ్గేదాక ఇంట్లనే ఉంచు హీర్యన్నా" అన్నది సారక్క. "పోయిన చలికాలం ఒక్క పోరడు దగ్గితే వారంల పద్దెనిమిది మందికి అంటింది. తల్లులందరు నన్ను నడి తండాల నిలబెట్టి తిట్టిండ్రు. మళ్ల నా వల్ల కాదు."

"మా పోరికే ఉన్నదా దగ్గు? లోపల మీ ఆయమ్మ దగ్గుతలేదా?"

"ఆయమ్మది తంబాకు దగ్గు. అది అంటదు."

"నా తంబాకు సంగతి మీకెందుకే!" అని లోపలినుంచి ఆయమ్మ అరిచింది. పిల్లలు నవ్వారు. ప్రియ కూడా నవ్వబోయి దగ్గింది. హీర్యా పిల్లను భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

ఇంట్లో ఉంచు అనడం ఎంతసేపు? కొడుకు నరేశ్, కోడలు జమున హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయారు. భార్య కాళి పొద్దున్నుంచీ కూలీలతో కూర్చుని మిరపకాయల్లోంచి తాలు కాయలు ఏరుతున్నది. ఇంటి ముందే కాయ ఆరబోసే కల్లం. తలుపు తీస్తే మిరపకాయ, మూస్తే సందులోంచి ఘాటు. పిల్లను ఎవరి ఒళ్లో పెట్టాలి? గోడ నీడలో గోనెసంచులు మడిచి పరిచి, ముక్కుకు తువ్వాల చుట్టి కాళి ప్రియను అక్కడే కూర్చోబెట్టింది. హీర్యా సంచిలోకి దిగి, కాయ అణిగి సంచి నిండేలా తొక్కడం మొదలుపెట్టాడు. కాలు వేసినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేస్తున్నది. సాయంత్రానికి వ్యాపారి బండి వస్తుంది.

మధ్యాహ్నం సారక్క వచ్చింది. ప్రియకు రావలసిన అన్నం, గుడ్డు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. కల్లం ఇంకా పది అడుగులుందనగానే వరసగా తుమ్మింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తే, సంచుల మీద పిల్ల.

"ఇంట్ల ఉంచుమంటే గీడ కూసోబెట్టినవా అన్నా?"

"గిదే మా ఇల్లు టీచరమ్మా. ఎన్నడన్న వచ్చి చూసినవా?"

సారక్క డబ్బా కింద పెట్టి పిల్ల గౌను పైకెత్తింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నది. ఫోన్‌లో నిమిషం పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఊపిరులు లెక్కపెట్టింది.

"యాభై నాలుగు. ఈ వయసు పిల్లలకు నలభై దాటితేనే దవాఖానకు తీసుకపోవాలని మాకు నేర్పిండ్రు. లే, పోదాం."

"పడిశం. పసుపు పాలు తాగిస్తే పోతది. బండి వచ్చే యాళ్లకు సంచులు కుట్టాలె."

అప్పుడు కాళి తాలు కాయల చేట కింద పెట్టి, లంబాడీ మాటలో ఏదో అన్నది. ఆ మాట సారక్కకు అర్థం కాలేదు. హీర్యాకు అర్థమైంది: బండి రేపైనా వస్తుంది, పిల్ల పోతే రాదు. సంచిలోంచి బయటికి వచ్చి ఆటో పిలిచాడు.

మహబూబాబాద్ దవాఖానలో పిల్లల వార్డు కిటకిటలాడుతున్నది. మందు ఆవిరి పట్టే మాస్కు చూడగానే ప్రియ కేకలు పెట్టింది. సారక్క పట్టుకుంటే ఆగలేదు. హీర్యా ముందుకొచ్చి పిల్లను గుండెకు హత్తుకున్నాడు. అతని భుజానికి ముఖం ఆనిందో లేదో, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. పిల్ల రెండు చేతులతో తాతను తోసేసి సారక్క వైపు వంగింది.

ఆ తోపుకు హీర్యా మనసు విరిగిపోయింది. మూడుసార్లు గడప తొక్కనివ్వని మనిషి మీదికి పోతున్నదా? పెంచింది తాను కాదా?

నర్సు యాస్మిన్ దగ్గరికి వచ్చి, ముఖం చిట్లించి, రెండుసార్లు తుమ్మింది. "ఏం పని చేస్తవ్ అన్నా?"

"మిరపకాయ తొక్కుతున్న."

"చొక్కా ఇప్పు. బనీను కూడ. చేతులు, మెడ, మీసాలు అన్ని సబ్బు పెట్టి కడుక్కొని రా. నీ ఒంటి మీద ఉన్నదంత పోరి ముక్కులకే పోతున్నది."

"గింత మందిల బట్టలిప్పాల్నా?"

"ఎవ్వలు చూస్తలేరు. ఎవల పరేషాన్ వాళ్లకుంది. జల్ది పో."

కుళాయి దగ్గర చొక్కా విప్పి, ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాడు హీర్యా. ఏ వాసనా లేదు. ఇంకోసారి పీల్చాడు. లేదు. ముప్పై ఏళ్లుగా కల్లంలో తిరిగిన ముక్కుకు ఘాటు తెలియడం ఎప్పుడు మానేసిందో అతనికే తెలియదు. పిల్లను రోజూ ఈ చొక్కాతోనే కదా నిద్రపుచ్చింది!

రెండుసార్లు సబ్బు రుద్దుకుని, ఉత్త ఒంటితో లోపలికి పోయాడు. ప్రియ ఈసారి తోయలేదు. తడి మెడకు చెంప ఆనించి పడుకుంది. అతను మాస్కు పట్టుకున్నాడు. గుంట పడే పక్కలు మెల్లమెల్లగా నెమ్మదించాయి.

"నాదే తప్పు అన్నా" అన్నది సారక్క, బయట బల్ల మీద. "అంటుకునే దగ్గో కాదో చూపియ్యక తిప్పి పంపిన. ఇంటికి పంపుతున్న అనుకున్న, కల్లానికి పంపిన. తగ్గినంక నా దగ్గరనే ఉంచుకుంట. గని రాత్రి మళ్ల గదే గాలి కదనే. కల్లం చేన్ల పెట్టుకోరాదు?"

"చేన్ల పెడితే అడివి పందులకు మీ తాత కావలి ఉంటడా?"

"మా తాత సచ్చి ఇరవై ఏండ్లాయె. నువ్వే ఉండాలె."

హీర్యాకు ఆమె తప్పు ఒప్పుకోవడమే నచ్చలేదు. ఎదురు మాట్లాడి ఉంటే తిట్టడానికి చోటుండేది. ఇప్పుడు అదీ లేదు. డాక్టరు చెప్పిందీ అదే మాట: ఘాటుకు దూరంగా ఉంచకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారని.

నాలుగు రోజులకు పిల్లతో ఇంటికి వచ్చారు. ఆ మరునాడే హీర్యా కత్తి పట్టుకుని చేనుకు పోయాడు. రెండో కోతకు వచ్చిన చెట్లు, కొమ్మకొమ్మకూ కాయ. కళ్లు మూసుకుని నరకలేడు కదా, చూస్తూనే నరికాడు. కల్లానికి నేల చదును చేసి, పేడనీళ్లు చల్లి, గట్టిపడేదాకా దిమ్మిస కొట్టాడు. రాత్రి కావలికి మంచె వేశాడు. ఇంటికి వచ్చేముందు వాగులో మునిగి, వేరే అంగీ తొడుక్కుని గడప తొక్కుతాడు. ప్రియ రోజూ అంగన్‌వాడీకి పోతున్నది. సారక్క ఎదురైతే తల ఊపుతాడు, అంతే. ఆమెకు జీతం నెలనెలా వస్తుంది, పిల్లను కాపాడిందని పేరూ వచ్చింది. అతని ఎకరం ముప్పై గుంటల చేనులో, కాపు మీదున్న చెట్లతో సహా, పోయింది ఆరు గుంటలు.