ఏరి పెట్టిన చేపలు

మా పడవ ఒడ్డుకు రాగానే గంపలోంచి ఇరవై చేపలు కొలవడం, చేపల సర్వేకి వచ్చిన మేడం పని. ఆమె చెప్పింది కాగితం మీద రాయడం నా పని. నా దస్తూరీ బాగుంటుందని బడిలో టీచరు పంపింది. గంపలోంచి చేపలు అందించేది బాబాయి.

మేడం పొట్ట కోసి చూసి ఆడదో మగదో చెప్పేది. తలలోంచి గింజంత రాయి తీసి, భూతద్దం కింద దాని చారలు లెక్కపెట్టి వయసు చెప్పేది. ఆడది, నాలుగేళ్లు. ఆడది, అయిదేళ్లు. పది రోజులూ అదే రాశాను. మగవి ఎక్కడో ఒకటి.

ఈ రకంలో మగవి చిన్నగానే ఉండిపోతాయట. పెద్దగా పెరిగేవి ఆడవే. బాబాయి గంప అడుగుదాకా చెయ్యి పెట్టి పెద్దవే ఏరుతున్నాడని నాకు మొదటి రోజే తెలుసు. ఎందుకని అడిగితే నవ్వాడు.

"చదువుకున్న మనిషి ముందు పిల్లచేపలు పెడితే మన పరువేం కానే? ఇంటికొచ్చినవాళ్లకి మాడిన అన్నం పెడతామా?"

పదకొండో రోజు మేడం నాన్నను పిలిపించింది. మీ వలలో గుడ్లు పెట్టే తల్లులే పడుతున్నాయి, మూడు నెలలు ఇక్కడ వల వేయనివ్వొద్దని పైవాళ్లకు రాయక తప్పదని చెప్పింది. నాన్న తల వంచుకుని విన్నాడు. మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క వల. బాబాయి నా వైపు చూశాడు.

కొత్తవాళ్ల ముందు మాట్లాడాలంటే నాకు భయం. ఆ రోజు ఆ భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు.

"అవి ఏరి పెట్టినవండీ," అన్నాను కాగితం చూస్తూ.

మేడం కోప్పడలేదు. మర్నాడు గంప మొత్తం బల్ల మీద గుమ్మరించమంది. సాయంత్రం దాకా కొలిచాం. పెద్దవి పదిహేడు. మిగతావన్నీ జానెడు కూడా లేవు. పొట్ట కోస్తే లోపల సన్నటి దారంలాంటిది తప్ప ఏమీ లేదు. ఆడో మగో తేలే వయసే రాలేదంది మేడం. ఏం రాయమంటారని అడిగాను.

"పిల్ల అని రాయమ్మా."

రెండు వందల పన్నెండు సార్లు రాశాను. అంతా అయ్యాక మేడం, ఈ పిల్లలు పెరగాలంటే అది చాలదని, పైవాళ్లకు రాసిన కాగితంలో మూడు నెలలు కొట్టేసి, ఏడాది అని దిద్దింది.

ఆమె వెళ్లాక బాబాయి నా పక్కన కూలబడ్డాడు. "నోట్లో నాలుక లేని పిల్లవి. ఉన్నట్టుండి ఎక్కణ్ణించి వచ్చిందే నీకా నాలుక?"

"దాన్నేం అనకు," అన్నాడు నాన్న. "అంత చిన్న కన్నుల వల అల్లింది నేను."

వల రెండో కొస పట్టుకోమని నాకు సైగ చేశాడు. ఇద్దరం మడిచాం. రేపు తెల్లారే లేవాలా అని అడిగాను. అక్కర్లేదన్నాడు.