పెంకుల కింది చల్లదనం

అన్నగారి కుట్టుమిషన్ల హాలు మేడమీద, రేకుల కింద ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం అందులో కూర్చోవడమంటే నిప్పుల్లో కూర్చోవడమే. గుండీలు కుట్టే పెద్దావిడ, అందరూ గుండీలక్క అనేవారు, ఒకరోజు సొమ్మసిల్లి మిషను మీదికే ఒరిగిపోయింది. ఇళ్ల నమూనాలు గీసే చెల్లెలు ఆ కబురు విని అన్న ఇంటికి పరిగెత్తింది.

"రేకులు పీకించెయ్ అన్నయ్యా. మట్టిపెంకులు వేయిద్దాం. వాటి కింద నాలుగు వేళ్ల సందు వదిలితే, చూరు దగ్గర దూరిన గాలి వేడినంతా మోసుకుని పైన ఇంటికొప్పు సందులోంచి బయటికి పోతుంది."

"నువ్వు చెబితే కాదంటానా?" అన్నాడాయన.

ఆమె ఎండలో నిలబడి పని చేయించింది. మేస్త్రీ చూరు సందుల్ని సిమెంటుతో పూడ్చేస్తే, "గాలి ఆడాలయ్యా బాబూ, గోరీ కట్టట్లేదు!" అని మళ్లీ తవ్వించింది. హాలు చల్లబడింది. "నీ కడుపు చల్లగుండ తల్లీ," అంది గుండీలక్క.

ఎండలు ముదిరాక ఆమె మళ్లీ వెళ్లేసరికి మిషన్ల చోట మంచాలున్నాయి. వదిన కిటికీలకు తెరలు కడుతోంది.

"నీ పుణ్యమా అని హాయిగా నిద్రపోతున్నాం. కింద మా గది కొలిమే కదా!"

"మరి వాళ్లు?"

వదిన గడ్డంతో పెరటివైపు చూపించింది. అక్కడ కొత్తగా వేసిన షెడ్డు, పైన ఆ పాత రేకులే. గుండీలక్క తడిగుడ్డ నెత్తిన వేసుకుని కుడుతోంది.

చెల్లెలు అన్న మీద విరుచుకుపడింది. "సిగ్గులేదూ? అది వాళ్ల కోసం కదా కట్టించింది!"

"నా మేడ, నా ఇష్టం. వాళ్లవి అలవాటైన ప్రాణాలు. షెడ్డు సంగతి వచ్చే ఏడు చూద్దాంలే, ముందు భోంచెయ్."

ఆమె తినకుండా షెడ్డులోకి వెళ్లింది. "మీరంతా వచ్చి అడగండి. మీ పక్కన నేనుంటా."

గుండీలక్క మిషను ఆపలేదు. "నువ్వడిగితే చెల్లెలి అలక అనుకుంటాడు. మేమడిగితే రేపట్నుంచి రావద్దంటాడు. వెళ్లు తల్లీ."

ఆ వేసవంతా ఆమెకు చేతినిండా పని. మేడ చూసిన అన్న స్నేహితులు వరసపెట్టి ఫోన్లు చేశారు. వాళ్లలో ఒక ఇటుకబట్టీ యజమానిని, "మీ పనివాళ్లు ఏ కప్పు కింద ఉంటారండీ?" అని అడిగింది.

"మా ఇంటి పైకప్పుకీ వాళ్లకీ ఏం సంబంధమమ్మా?"

ఆమె పెన్సిలు అందుకుంది. కొలతలు చెప్పమంది.