గంగ బిగించిన మర

"రేపు మధ్యాహ్నం కాంట్రాక్టు తెంపేస్తాను సార్."

లాబులో కుర్ర సైంటిస్టు ఫణీంద్ర డైరెక్టరుతో ఫోనులో అన్న మాట గడప తుడుస్తున్న గంగకు అలాగే వినిపించింది. అరకు కొండ మీది ఆ లాబులో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఊడవడం, మిషను చూపే ఉష్ణోగ్రత అంకెలు పుస్తకంలో రాయడం. నెలాఖరుకు పొడిగింపు కాగితం రావాలి. లాబులో వాళ్లు అణువుల్ని చల్లారుస్తుంటే, గంగ అనుమానాన్ని రాజేసుకుంది.

మర్నాడు కనిపెట్టి చూసింది. పెద్ద డబ్బాలో ఒక కూలరు, అయస్కాంతం నడుమ వాళ్లు చల్లబరిచే ఉప్పుబిళ్ల, కూలరుకీ బిళ్లకీ మధ్య రాగిపట్టీ. పైనున్న మర బిగిస్తే పట్టీ బిళ్లకు అతుక్కుని కూలరు చలిని అందిస్తుంది. వారంగా బిగించి ఉన్న ఆ మరను ఫణీంద్ర విప్పేసి, చప్పుడు లేకుండా భోజనానికెళ్లాడు.

గంగ మొగుడు సుక్రు సంతలో చేపలమ్ముతాడు. చేపల మీంచి మంచుగడ్డ తీసేవాడు చేప కుళ్లాలని కోరేవాడే!

"మిసను పాడుసేసి నా మీద తోసీత్తాడు వదినా," అంది క్యాంటీన్ స్వర్ణతో.

"ఆ బాబా? కాఫీలో పంచదార మరిసిపోయినా నోరిప్పడే!"

"నోరిప్పనోడే మరిప్పుతాడు!"

వెళ్లి మర బిగించేసింది. దిగాల్సిన అంకెలు చరచరా పైకెక్కాయి. గంగకు చలి లాబులో చెమట పట్టింది. అయినా కనబడ్డ అంకె కనబడ్డట్టు రాసింది.

భోజనం నుంచి తిరిగొచ్చిన ఫణీంద్రతో పాటు డైరెక్టరు సర్వేశ్వరరావు వచ్చి అంకెలు చూశారు. "మర ఎవరు ముట్టారు?"

"నేనే సరిగ్గా విప్పలేదేమో సార్," అన్నాడు ఫణీంద్ర, తల దించుకుని.

గంగ అతనికేసి చూసింది. తప్పు తోసేస్తాడనుకున్నవాడు తానే మోస్తున్నాడు! ఇక నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, నిద్రే ఉండదు.

"నేనే బిగించీసినాను సార్. నా కాంట్రాక్టు తెంపీత్తానని ఈ బాబు ఫోన్లో అన్నారు."

"కాంట్రాక్టా? కాంటాక్టు గంగా! ఈ రాగిపట్టీ!" ఫణీంద్ర ఆత్రంగా చెప్పాడు. "ముందు కూలరు బిళ్లను చల్లబరుస్తుంది. తర్వాత అయస్కాంతం బలం తగ్గిస్తే, బిళ్ల కూలరుకన్నా చల్లబడుతుంది. అప్పుడు పట్టీ తగిలితే కూలరే దానికి పొయ్యి!"

సర్వేశ్వరరావు పుస్తకం తిరగేశారు. తన తప్పును పట్టించే అంకెల్ని కూడా గంగ దాచలేదు.

"వారం పని పోయింది. అయినా అంకె దాచని మనిషిని పోగొట్టుకోను. పొడిగింపు కాగితం ఇవాళే సంతకం చేస్తాను. మర ఎందుకు విప్పుతామో ఎవరికీ చెప్పకపోవడం మన తప్పు. ఫణీంద్రా, అందరినీ పిలువు."

వాచ్‌మన్ నుంచి స్వర్ణ దాకా అందరూ వచ్చాక గంగే చెప్పింది:

"ఈ పట్టీని కాంటాక్టంటారు. బాబు తెంపుతానన్నది దీన్నే. బిళ్లకి సలి ఎక్కిందాకా బిగించాల, కూలరుకన్నా సల్లబడ్డాక ఇప్పీయాల. నేను కాంట్రాక్టని ఇని, ఇప్పిందాన్ని బిగించీసినాను."