కాలు విరిగిన నాలుగు

ఎల్లప్ప గోల్ఫ్ ఆడతాడంటే ఛత్రినాక బస్తీలో వినేవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత అతని ఎత్తు చూసి ఇంకోసారి నవ్వుతారు. అయిదడుగుల రెండంగుళాల మనిషి. అరవై నాలుగేళ్ళవాడు. సర్కారు ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో, అంటే మిగతా మిషన్లకు పనిముట్లు తయారుచేసే గదిలో, నలభై ఏళ్ళు ఇనుము చెక్కి రిటైరయ్యాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అన్నం సహించని జాతి అది. రిటైరైన ఏడాది కోట పక్క గోల్ఫ్ మైదానంలో గడ్డికోసే మిషన్లు బాగుచేయడానికి వెళ్తే, సోమవారాలు ఊరికే ఆడుకోమన్నారు. ఆడాడు. ఇక వదల్లేదు.

సరదాకి ఆడుతున్నాడని భార్య సక్కుబాయి అనుకుంటుంది. సరదా కాదు, కసి. పదేళ్ళప్పుడు ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక మోరీలో ఒక తెల్లటి గట్టి బంతి దొరికితే, లంకెబిందెలు దొరికినంత సంబరంతో ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. వాకిట్లో తండ్రి పోచయ్య నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో టిఫిన్ డబ్బా ఉంది, అందుకని ఎడమచేత్తో చెంప పగలగొట్టాడు. "మనకెందుకుర దొరల ఆట?" అని వాడంతా వినపడేలా అరిచి, బంతిని లాక్కుని గోడ అవతలికి విసిరేశాడు. పోచయ్య ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడో ప్రెస్సు మిషన్‌లో పోయింది. సాయంత్రం దాకా ఎల్లప్ప చెంప మీద మూడే వేళ్ళ అచ్చు ఉంది.

అంతకు ముందుగానీ తర్వాతగానీ పోచయ్య కొడుకు మీద చెయ్యెత్తలేదు. అందుకే ఆ ఒక్క దెబ్బ యాభై నాలుగేళ్ళయినా మానలేదు. కూలోడి కొడుకు కూలోడిలాగే పడి ఉండాలన్నాడు కదా బాపు, ఆ మాట మీద మండి, బంతి ముందు నిలబడిన ప్రతిసారీ ఎల్లప్ప లోలోపల "చూడు బాపూ, దొరల ఆట" అనుకుని కొడతాడు. పోయిన మనిషితో పంచాయితీ పెట్టుకున్నవాడికి తీర్పు ఎవడు చెప్తాడు!

ఆదివారం పెద్దవయసు వాళ్ళకు పోటీ ఉంది. దానికి సొంత ఐరన్ల సెట్టుతో వెళ్ళాలని అతని పంతం. ఐరన్ అంటే ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర, మూడో నంబరు నుంచి తొమ్మిది దాకా ఏడుంటాయి. షోరూమ్‌లో కొత్త సెట్టు చూశాడు. అన్నీ ఆరడుగుల వాళ్ళకు చేసినవే. అతను పట్టుకుంటే తల నేల మీద సరిగ్గా కూర్చోదు, మొన గాల్లోకి లేస్తుంది. కొలతలు తీసి చేయిస్తామన్నారు గానీ ఆ కొలిచే తీరు ఇతనికి నచ్చలేదు. "ఇనుమును చేతుల వట్టకుండ కంప్యూటర్‌ల జూసి చెప్తడట, సిగ్గు లేదు," అని ఇంటికొచ్చి సక్కుబాయి దగ్గర లొల్లి చేశాడు.

అందుకని ప్రతి గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్‌కు పోయి, పాత సామాన్ల కుప్పల్లో ఒక్కొక్క ఐరన్ ఏరుకొచ్చాడు. జేబులోని పానాతో తల మీద తట్టి వినేవాడు. సాగగొట్టిన ఇనుమైతే చాలాసేపు మోగుతుంది, దాన్ని వంచుకోవచ్చు. పోత ఇనుమైతే ఠక్కుమని ఊరుకుంటుంది, వంచబోతే విరుగుతుంది. ఇంటికి తెచ్చి కడ్డీ కోసేవాడు, వైస్‌లో బిగించి మెడ వంచేవాడు, బరువు చాలకపోతే వెనకాల సీసం రేకు అంటించేవాడు. తల అడుగున సక్కుబాయి కుంకుమ రాసి చెక్కపలక మీద ఆడించి చూసేవాడు. పలక మీద ఎర్ర మచ్చ సరిగ్గా తల నడిమి నుంచి అంటితే కొలత కుదిరినట్టు. కుంకుమ భరిణె నెలలో రెండుసార్లు ఖాళీ అవుతోందని సక్కుబాయి తిట్టేది. అలా ఆరు కుదిరాయి. ఏడో నంబరు మాత్రం కుదరలేదు. పోయిన వారం తెచ్చినది, తొందరలో తట్టి చూడకుండా తెచ్చిన పాపానికి, వైస్‌లోనే రెండు ముక్కలైంది.

ఇవాళ మళ్ళీ గురువారం. పాత ఇనుము అమ్మే మహేష్ గోనెపట్టా మీద నుంచి కేకేశాడు.

"ఎల్లన్నా, ఇగో నీ ఏడు నంబరు! పాత క్వార్టర్లు కూలగొడుతున్నరు కదా, ఆ మాల్‌ల వచ్చింది."

తుప్పు పట్టిన ఐరన్. ఎల్లప్ప పానాతో తట్టాడు, చాలాసేపు మోగింది. సంతోషంతో మెడ మీది తుప్పును బొటనవేలితో రుద్దాడు. కింద అంకెలు కనిపించాయి. 643.

అతని చెయ్యి ఆగిపోయింది. అది ఫ్యాక్టరీలో అతని టోకెన్ నంబరు, హాజరు బిళ్ళ మీద ఉండేది.

టూల్‌రూమ్‌లో పానా కింద పెట్టి తుమ్మితే చాలు, మాయమవుతుంది. అందుకే ప్రతివాడూ సొంత పనిముట్ల మీద తన టోకెన్ నంబరు పంచులతో, అంటే ఒక్కో అంకెకు ఒక్కో ఉక్కు అచ్చుతో, కొట్టుకుంటాడు. ఎల్లప్ప సుత్తి మీదా ఆకురాయి మీదా చివరికి అన్నం డబ్బా మీదా 643 ఉంటుంది. కానీ ఈ ఐరన్‌ను అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎవడో తన నంబరు కొట్టాడని ముందు కోపం వచ్చింది. తర్వాత నాలుగు అంకె సరిగ్గా చూశాడు. దాని కాలు సగంలో విరిగి ఉంది.

అతని పంచుల పెట్టెలోని నాలుగుకు అలాగే కాలు విరిగి ఉంటుంది. ఆ పెట్టె తండ్రిది. తండ్రి సర్వీసులో ఉండగానే జ్వరమొచ్చి పోతే ఆ ఉద్యోగం ఎల్లప్పకు ఇచ్చారు, ఉద్యోగంతో పాటు 643 నంబరూ ఇచ్చారు.

"ఏమైందన్నా, గట్ల జూస్తవు? నచ్చలేదా?" అన్నాడు మహేష్.

ఎల్లప్ప అతను అడిగినంత ఇచ్చేసి, ఐరన్‌ను చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

ఇంట్లో పంచుల పెట్టె తీసి, సీసం రేకు మీద నాలుగు కొట్టి, ఐరన్ పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే. అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. ఐరన్ అడుగున కుంకుమ రాసి, పలక మీద నిలబడి తన కొలతకు ఆడించాడు. ఎర్ర మచ్చ సరిగ్గా నడిమి నుంచి అంటింది. కడ్డీ అతని ఎత్తుకు కోసి ఉంది, మెడ అతను వంచుకునేంతే వంచి ఉంది. మిగతా ఆరింటికీ మూడు నెలలు పట్టిన పని దీనికి ఎవరో ముందే చేసి పెట్టారు.

సక్కుబాయి వంటింట్లోంచి వచ్చి ఐరన్‌ను చేతిలోకి తీసుకుంది. పిడికి పాతకాలపు మైనం దారం చుట్టి ఉంది.

"గిదేంది, మీద దిక్కు గింత ఉబ్బున్నది? చిటికెనవేలు ఆన్తనే లేదు," అంది.

ఎల్లప్ప లాక్కుని చూశాడు. ఎడమచెయ్యి చిటికెనవేలు ఉండాల్సిన చోట దారం దట్టంగా చుట్టి ఉంది. ఆ వేలు లేనివాడి పట్టు సడలకుండా, ఖాళీని నింపడానికి చేసిన ఉబ్బు అది. దొరల ఆట అని చెంప పగలగొట్టిన మనిషి, తన చేతికి కొలిచి ఐరన్ చేసుకున్నాడు! యాభై ఏళ్ళుగా ఎవరిమీద కోపం పెట్టుకున్నాడో ఆ మనిషే ఆట ఆడాడు!

"ఇంత మోసమా బాపూ," అన్నాడు. సక్కుబాయికి భయం వేసి దిష్టి తీయడానికి ఉప్పు తెచ్చింది.

మరునాడు పొద్దున్నే ఐరన్‌ను గోనెసంచిలో చుట్టుకుని జల్‌పల్లి వెళ్ళాడు. తండ్రితో కలిసి పనిచేసినవాళ్ళలో బతికున్నది డానియేలు ఒక్కడే. ఎనభై ఆరేళ్ళు, కూతురు బేబీ ఇంట్లో ఉంటాడు. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్న ముసలాయన, సంచి విప్పగానే రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు.

"ప్రభువా! గిది నీకేడ దొరికిందిర?"

"బాపుదే కదా కాకా? నిజం చెప్పు. బాపు గోల్ఫ్ ఆడిండా?"

"నీకెందుకు ఇప్పుడది?"

"నేను ఆడుతున్న కాకా. నాలుగేండ్ల సంది."

డానియేలు ఈసారి కుర్చీ వదిలేసి ముందుకు వంగాడు. "నువ్వు గూడనా!" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరో ఆఫీసరు వంగిపోయిన ఐరన్‌ను స్క్రాప్‌లో పారేస్తే పోచయ్య దాన్ని తీసుకుని, డ్యూటీ అయిపోయాక తన ఎత్తుకు కోసి, వంచి, దారం చుట్టుకున్నాడట. రోజూ మొదటి సైరన్ కాకముందే, షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఒక్క బంతితో ఆడుకునేవాడట.

"మస్తు కొడుతుండె. గాలి గూడ సప్పుడు చెయ్యకుండ పోతుండె బంతి. నేను కావలి నిలవడుతుంటి. అప్పట్ల స్క్రాప్ ముట్టుకుంటె చోరీ కేసు, నౌకరి పోతది, క్వార్టర్ పోతది."

"మరి చోరీ మాల్ మీద సొంత నంబరు కొట్టుకున్నడా? గంత అకల్ లేదా బాపుకు?"

"గదే నేను తిట్టిన! తన చేత్తోని చేసిన దాని మీద నంబరు లేకుంటె నిద్ర పట్టదన్నడు. మనోళ్ళ సంగతి నీకు ఎర్కనే గద. ప్రాణమన్న ఇడుస్తరు గని నంబరు కొట్టుడు ఇడువరు."

ఎల్లప్పకు ఆ మాట తెలుసు. ఇంట్లో ఉన్న అన్నం డబ్బా మీద ఇప్పటికీ నంబరు ఉంది.

"ఒకనాడు బంతి క్వార్టర్ల దిక్కు ఎగిరి పోయింది," అన్నాడు డానియేలు. "వాచ్‌మన్లు జూసిన్రు. బంతి ఎవరింట్ల దొరికితె వాడే చోరని ఇల్లిల్లు వెతుకుతున్నరు. మీ పక్కింట్ల ఉన్నరు వాళ్ళు. గప్పుడే నువ్వు ఆ బంతి చేతుల వట్టుకొని ఉరికొచ్చినవు."

ఎల్లప్ప చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి వెళ్ళింది. మోరీలో దొరికింది దొరల బంతి కాదు. బాపు బంతి.

"వాచ్‌మన్లకు ఇనవడాలెనని గంత గట్టిగ ఒర్రిండు. నిన్ను కొట్టకుంటె వాళ్ళు నమ్మకపోతుండిరి. ఆ రోజు సెకండ్ షిఫ్ట్‌ల నా పక్కన నిలవడి ఏడ్చిండుర. ఆ మూడు వేళ్ళ చెయ్యి నా ముంగట పెట్టి, 'దీంతోని కొట్టిన డానియేలూ, నా కొడుకును దీంతోనే కొట్టిన,' అన్నడు. ఐరన్ నాకిచ్చి దాయమన్నడు. నా క్వార్టర్ రేకుల సందుల పెట్టిన. మల్ల ఎన్నడు దాన్ని అడగలే. ఆట గూడ మల్ల ఆడలే."

"నాకెందుకు చెప్పలే కాకా? యాభై ఏండ్లు..." ఎల్లప్ప ఐరన్‌ను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఒట్టు పెట్టించుకున్నడు బిడ్డా. ఆయన పోయినంక అదే నంబరు మీద నీకు నౌకరి ఇచ్చిన్రు. దానిమీద మరక ఎట్ల పెడుదు?"

బేబీ చాయ్ తెచ్చి పెట్టింది. ఇద్దరూ తాగలేదు. ఎల్లప్ప పెద్ద గొంతుతో ఏడ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి అలా ఏడవడం చూసి బేబీ కంగారుపడి పక్కింటివాళ్ళను పిలవబోయింది.

ఆదివారం పోటీకి ఏడు ఐరన్లతో వెళ్ళాడు. తుప్పు గీకాడు, నూనె రాశాడు, అంతకు మించి దాన్ని ముట్టుకోలేదు. అతనితో కలిసి ఆడుతున్న అమరనాథ్‌కు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉంది. చేతుల కొలతలు చూసి చూసి పండిపోయినవాడు. ఆ పిడి చూడగానే ఊరుకోలేకపోయాడు.

"ఏంది ఎల్లప్పా గిది? ఇది నీ చేతిది కాదు. ఆ ఉబ్బు తీసేయించు, పట్టు దొరకదు."

"నా చేతిది కాదు సేటూ," అన్నాడు ఎల్లప్ప.

బంతి ముందు నిలబడ్డాడు. అలవాటు కొద్దీ "చూడు బాపూ" దాకా వచ్చింది మాట, మిగతాది రాలేదు. ఉబ్బు చిటికెనవేలికి అడ్డం తగులుతోంది. మూడు నెలలుగా ప్రతి ఐరన్‌నూ తన చేతికి తగ్గట్టు మార్చుకున్న మనిషి, ఈసారి చేతినే మార్చుకున్నాడు. ఎడమచెయ్యి చిటికెనవేలు లోపలికి మడిచాడు. మిగిలిన వేళ్ళు దారం మీద తమ చోటు వెతుక్కుని కూర్చున్నాయి.

"జర చూపియ్యి బాపూ," అన్నాడు, "నువ్వెట్ల కొడుతుంటివో."