నాగరాణి చెప్పని మాట

నేను జొన్నరొట్టె తడుతుంటే ముందుగదిలోంచి మా ఆయన హర్షవర్ధన్ కేకేశాడు. "వాసవీ, గీ అఫిడవిట్ జర చూడు. ఏఐతోని ఐదు నిమిషాల్ల రాయించిన."

నేనూ వకీలునే. పెళ్లయ్యాక కోర్టుకు పోనివ్వలేదు. తాండూరులో ఆయన బోర్డు కింద కాగితాలు దిద్దేది నేను, ఫీజు, పేరు ఆయనవి. అత్త దృష్టిలో నేను చేసేది వంట మాత్రమే.

అది బషీరాబాద్ నాగరాణి కేసు. భర్త వీరేశం రోకలితో మోచెయ్యి విరగ్గొట్టాడని, తనకు రక్షణ కావాలని ఆమె నా ఎదుటే ఏడ్చి చెప్పింది. అఫిడవిట్‌లో రోకలి ఊసే లేదు. కిరోసిన్ పోశాడని, అగ్గిపుల్ల గీశాడని చక్కటి ఇంగ్లీషులో ఉంది.

"ఇది ఆమె చెప్పలేదండీ. ఏఐ అల్లింది. ఆమెకు చదివి వినిపించి సరిచేద్దాం."

"కేసు గట్టిగుండాలె. నాకే నేర్పుతున్నవా?"

"అబద్ధం మీద సంతకం పెట్టిస్తరా?"

చెంప పేలిపోయింది. జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. కణత చిట్లి రక్తం కంట్లోకి దిగింది. అత్త సుమిత్రమ్మ గడపలో నిలబడి అంది: "పనిల ఉన్నోన్ని ఎందుకు గెలుకుతవ్ బిడ్డా? పో, రొట్టె మాడుతున్నది."

ఇంగ్లీషు రాని నాగరాణి చేత ఆ రోజే సంతకం పెట్టించాడు.

వికారాబాద్ కోర్టులో అవతలి వకీలు అడిగాడట, కిరోసిన్ ఎప్పుడు పోశాడని. "కిరోసినా? పొయ్యలే సార్, రోకలితోని కొట్టిండు" అందట నాగరాణి. "మరి సంతకం నీదే గదా?" అంటే ఎవరో నవ్వారట. రక్షణ ఉత్తర్వు రాలేదు, వాయిదా పడింది. ఆమె బస్సు దిగగానే వీరేశం జుట్టు పట్టి ఈడ్చి, రాయితో నోటిమీద కొట్టాడు. "కోర్టుకెక్కుతవానే?" అంటూ మళ్లీ కొట్టాడు.

ఆస్పత్రిలో ఆమె దవడకు కట్టు. మాట ముద్దముద్దగా వచ్చింది. "అక్కా, నేను చెప్పింది ఎందుకు రాయలే?"

ఆ క్షణం నా చేతికి రోకలి దొరికితే ఎవరి తల పగలగొట్టేదాన్నో నాకే తెలియదు, వీరేశందా, నా మొగుడిదా. అంత కసి నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. దానికి నేనేం భయపడలేదు. వాయిదాకు నాగరాణిని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను.

కిరోసిన్ మాట ఎక్కడిదని జడ్జి గారు అడిగితే హర్షవర్ధన్ లేచాడు. "మేడం, డ్రాఫ్ట్ మా ఇంట్ల ఆమె చేసింది. ఆమె పొరపాటు."

వెనక నుంచి ముందుకు నడిచాను. "ఏఐ రాసింది మేడం. అందులోది ఈమె చెప్పింది కాదు. ఈమెకు చదివి వినిపించమన్నాను. అన్నందుకు ఇది." జుట్టు పక్కకు తీసి కణత మీది కుట్లు చూపించాను.

జడ్జి గారు కళ్లద్దాలు తీశారు. మా ఆయన నా పక్కకు వంగి, పళ్లబిగువున అన్నాడు: "ఇంటికి రా. పాణం తీస్త."

నేను గొంతు పెంచాను.

"మేడం, ఇప్పుడీయన అన్నది కూడా రికార్డు చేయించండి. ఈ మాట ఏఐది కాదు."